1912 కార్లైల్ టీమ్ నిజంగా అంత గొప్పదా? ఆ సీజన్ లెక్కలు ఎలా చదవాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: న్యూజెర్సీలో తొమ్మిదో తరగతి చదివే మీ అబ్బాయి హిస్టరీ ప్రాజెక్టుకి 1912 నాటి కార్లైల్ ఇండియన్ స్కూల్ ఫుట్‌బాల్ సీజన్ ఎంచుకున్నాడు. 14 ఆటల్లో 12 గెలిచారట, 500 పాయింట్లు దాటారట, ఇవన్నీ నమ్మొచ్చా, ఆ ఏడాది ఛాంపియన్లు వాళ్ళేనా, "ఇండియన్ స్కూల్" అంటే మనవాళ్ళదా అని అడిగారు. టచ్‌డౌన్ అంటే ఏంటో కూడా తెలీదన్నారు, పర్లేదండీ, అక్కణ్ణుంచే మొదలెడదాం.

ముందు సూటిగా జవాబు. లెక్కలు నిజమే. 12 గెలుపులు, 1 ఓటమి, 1 డ్రా. ఆ ఒక్క ఓటమి పెన్సిల్వేనియా యూనివర్సిటీ చేతిలో, 34-26. డ్రా అయింది వాషింగ్టన్ అండ్ జెఫర్సన్ కాలేజీతో, 0-0. ఛాంపియన్లా అంటే, కాదు. అసలు ఆ రోజుల్లో అధికారికంగా ఛాంపియన్ అనే మాటే లేదు. పత్రికల ఓటింగ్‌తో ర్యాంకులు ఇచ్చే అసోసియేటెడ్ ప్రెస్ పట్టిక 1936లో గానీ రాలేదు. అదే 1912లో హార్వర్డ్ 9 ఆడి 9, పెన్ స్టేట్ 8కి 8, విస్కాన్సిన్ 7కి 7 గెలిచాయి. కాబట్టి "ఓడిపోని టీమ్" కావాలంటే వేరేవాళ్ళున్నారు. అయినా ఆ ఏడాదికి ఒక్క టీమ్ పేరు చెప్పమంటే నేను కార్లైల్ పేరే చెప్తాను, ఎందుకో కింద రాశాను. ఇక ఇండియన్లంటే మనవాళ్ళు కారు. అమెరికా మూలవాసులు, మన పాఠ్యపుస్తకాల్లో రెడ్ ఇండియన్లు అని చదువుకున్నాం చూడండి, వాళ్ళు. ఆ పాత మాట ప్రాజెక్టులో వాడొద్దని మీ వాడికి చెప్పండి, తెగ పేరు తెలిస్తే తెగ పేరే రాయడం మర్యాద.

నా గురించి ఒక ముక్క. నేనుండేది పెన్సిల్వేనియాలో హారిస్‌బర్గ్ దగ్గర, ఆ స్కూలున్న కార్లైల్ ఊరికి అరగంట దూరం. మా ఊరి హైస్కూల్ టీమ్‌కి పదకొండేళ్ళుగా స్టాట్స్ రాస్తున్నాను, వాలంటీర్‌గా. శుక్రవారం రాత్రి సైడ్‌లైన్ దగ్గర క్లిప్‌బోర్డ్ పట్టుకుని నిలబడి, ఎవరు బంతి తీసుకున్నారు, ఎన్ని గజాలు వెళ్ళారు, ఎవరు పట్టి పడేశారు, ఇవన్నీ ఆట ఆటకీ రాయడం నా పని. నవంబర్ చలికి పెన్నులో ఇంకు కదలదు, అందుకని పెన్సిలే వాడతాను. సీజన్ అయ్యాక చలికాలమంతా పాత పత్రికలు తిరగేస్తుంటాను. అలా పట్టుకుంది నన్ను ఈ 1912 సీజన్.

ఆట అర్థం కావాలంటే మైదానం నుంచి మొదలెట్టండి. ఇది మనం ఫుట్‌బాల్ అనుకునే ఆట కాదు, అమెరికన్ ఫుట్‌బాల్. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తి అవతలి గీత దాటిస్తే టచ్‌డౌన్. ఇక్కడ కొలతంతా గజాల్లోనే, మనం ఇళ్ళ స్థలాలు కొలిచే గజమే. పొడవు 100 గజాలు, వెడల్పు 53కి కొంచెం ఎక్కువ, అంటే 5,333 చదరపు గజాలు. ఎకరానికి 4,840 అని మనందరికీ నోటికొచ్చిన లెక్కేగా, కాబట్టి ఎకరం పైచిలుకు స్థలం. ఆ స్థలాన్ని పది గజాల చొప్పున గెలుచుకుంటూ పోవాలి. పది గజాలు ముందుకెళ్ళడానికి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు, వెళ్ళలేకపోతే బంతి ఎదుటివాళ్ళ చేతికి పోతుంది. ఆట ప్రాణమంతా ఇంతే.

ఈ నాలుగు ప్రయత్నాలు అనేది సరిగ్గా 1912లోనే వచ్చింది. అంతకుముందు మూడే. టచ్‌డౌన్‌కి 5 పాయింట్లు ఉండేవి, ఆ ఏడాదే 6 చేశారు. మైదానం 110 గజాలుండేది, 100కి తగ్గించారు. రెండు చివర్లా పది గజాల ఎండ్ జోన్ పెట్టి, ముందుకు విసిరిన బంతిని అక్కడ పట్టుకున్నా టచ్‌డౌనే అన్నారు. బంతిని 20 గజాలకి మించి ముందుకు విసరకూడదనే పరిమితి కూడా తీసేశారు. అన్నీ దాడి చేసేవాడికి కలిసొచ్చే మార్పులే కదా. అందుకే 1912 స్కోర్లని 1910 స్కోర్లతో నేరుగా పోల్చొద్దు.

నేను మొదట్లో చేసిన పొరపాటు చెప్తాను, మీ వాడు చేయకుండా ఉంటాడు. 1911లో కార్లైల్ హార్వర్డ్‌ని 18-15తో ఓడించింది. కార్లైల్ ఆటగాడు జిమ్ థోర్ప్ నాలుగు ఫీల్డ్ గోల్స్ కొట్టాడు, అంటే బంతిని కాలితో తన్ని గోల్ స్తంభాల మధ్య నుంచి పంపడం, ఒక్కోటి 3, మొత్తం 12. ఇంకా ఒక టచ్‌డౌన్ ఉంది. నేను అలవాటుగా టచ్‌డౌన్‌కి 6 వేసుకుని, 12, 6 కలిపితే 18, సరిపోయింది, అంటే టచ్‌డౌన్ తర్వాత ఒక్క పాయింట్ కోసం కొట్టే ఎక్స్‌ట్రా పాయింట్ కిక్ తప్పిందన్నమాట అని నా పట్టికలో రాసేసుకున్నాను. కొన్ని నెలల తర్వాత పత్రికలో ఆట వివరం చదువుతుంటే కిక్ లోపలికి వెళ్ళిందని ఉంది! 1911లో టచ్‌డౌన్‌కి 5 కాబట్టి 12, 5, 1 కలిపి 18. మొత్తం సరిపోయింది కదా అని ధీమాగా ఉన్నాను, లోపల లెక్క మాత్రం తప్పు. ఆ రోజు నుంచి ఏ పాత స్కోరు చూసినా ముందు ఆ ఏడాది నిబంధనలు కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే విడగొడతాను.

ఇన్ని నిబంధనలు ఎందుకు మార్చారంటే ఆటలో పిల్లలు చచ్చిపోతున్నారు కాబట్టి. 1905 సీజన్‌లో 18 మంది దాకా చనిపోయారని లెక్క. ప్రెసిడెంట్ థియోడర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్ళని వైట్ హౌస్‌కి పిలిచి మాట్లాడాల్సి వచ్చింది. మరుసటి ఏడాది 1906లో బంతిని ముందుకు విసిరే ఫార్వర్డ్ పాస్‌ని ఒప్పుకున్నారు, గుంపుగా తోసుకోవడం తగ్గి మైదానమంతా వాడుకుంటారని. అప్పటికి హెల్మెట్ తప్పనిసరి కాదు, ఉన్నా తోలుదే. దాడిలో ఆడినవాడే రక్షణలోనూ ఆడాలి, క్వార్టర్ (ఆటలో నాలుగో వంతు) మధ్యలో బయటికొచ్చినవాడు ఆ క్వార్టర్ అయ్యేదాకా మళ్ళీ లోపలికి వెళ్ళడానికి లేదు. దెబ్బ తగిలినా సరే, లేచి ఆడేవాళ్ళు.

ఇక సీజన్‌లోకి వద్దాం. ఆ వేసవిలోనే స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో థోర్ప్ పెంటాథ్లాన్ (అయిదు పోటీలు కలిపి), డెకాథ్లాన్ (పది పోటీలు కలిపి) రెండింట్లోనూ బంగారం గెలిచాడు. అదే స్కూలు కుర్రాడు లూయిస్ టివానిమా, హోపీ తెగవాడు, 10,000 మీటర్ల పరుగులో వెండి తెచ్చాడు. ఒకే స్కూలు నుంచి! ఆగస్టులో ఊళ్ళో ఊరేగించారు. నెల తిరగ్గానే సెప్టెంబర్ 21న ఫుట్‌బాల్ మొదలు.

తేదీలు చూడండి, స్కోర్ల కంటే అవే ఎక్కువ చెప్తాయి. సెప్టెంబర్ 21 ఆల్బ్రైట్ మీద 50-7, 25న లెబనాన్ వ్యాలీ మీద 45-0, 28న పక్కవీధి లాంటి డికిన్సన్ కాలేజీ మీద 34-0, అక్టోబర్ 2న విలనోవా మీద 65-0, 5న ఇందాక చెప్పిన 0-0. పదిహేను రోజుల్లో అయిదు ఆటలు. ఇవాళ మా హైస్కూల్ పిల్లలు వారానికి ఒక్క ఆట ఆడి సోమవారం కుంటుకుంటూ ప్రాక్టీస్‌కి వస్తారు. అయిదో ఆటలో ఒక్క పాయింటూ రాకపోవడానికి ఎదుటివాళ్ళ బలంతో పాటు ఈ అలసట కూడా కారణమని నా అభిప్రాయం.

అక్టోబర్ మొదలయ్యాక ఆటలన్నీ బయట ఊళ్ళలోనే. కార్లైల్ చిన్న ఊరు, టికెట్ డబ్బులు రావాలంటే పెద్ద ఊళ్ళకి పోవాలి. అక్టోబర్ 26 శనివారం వాషింగ్టన్‌లో జార్జ్‌టౌన్‌ని 34-20తో ఓడించి, రైలెక్కి, సోమవారం 28న కెనడాలో టొరంటో జట్టుతో ఆడారు. అందులో సగం కెనడా నిబంధనలతో! అదీ పెద్ద తేడాతో గెలిచారు. ఆ ఆట కాలేజీ ఫుట్‌బాల్ కిందికి రాదని కొందరు లెక్కలోంచి తీసేస్తారు. మీ వాడికి ఒక చోట 13 ఆటలు, ఇంకో చోట 14 కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, తేడా అక్కడుంది. టొరంటో కలిపితేనే మొత్తం 500 దాటుతుంది.

నవంబర్ 9 ఆట గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి. న్యూయార్క్‌లోని వెస్ట్ పాయింట్, అమెరికా సైన్యం ఆఫీసర్లని తయారుచేసే అకాడమీ. మూలవాసుల పిల్లలు ఆ సైన్యం కుర్రాళ్ళతో ఆడబోతున్నారు. వూండెడ్ నీ దగ్గర సైన్యం లకోటా తెగవాళ్ళని, ఆడవాళ్ళనీ పిల్లలనీ చూడకుండా కాల్చి చంపింది 1890 డిసెంబర్‌లో. అంటే 22 ఏళ్ళే అయింది. మైదానంలో ఉన్న కుర్రాళ్ళ అమ్మానాన్నలకి అది చరిత్ర కాదు, జ్ఞాపకం.

మొదటి టచ్‌డౌన్ ఆర్మీదే (వెస్ట్ పాయింట్ జట్టుని అలాగే పిలుస్తారు), ఎక్స్‌ట్రా పాయింట్ తప్పింది. తర్వాత కార్లైల్ తరఫున జో బర్జీ టచ్‌డౌన్ చేస్తే థోర్ప్ కిక్ కొట్టాడు, సగం ఆటకి 7-6. రెండో సగంలో ఆర్మీ కెప్టెన్ లీలాండ్ డెవోర్‌ని, కార్లైల్ ఆటగాడు జో గయన్ మీద దౌర్జన్యం చేసినందుకు రిఫరీ బయటికి పంపేశాడు. ఆ తర్వాత కార్లైల్‌ని ఆపేవాళ్ళే లేకపోయారు, 27-6. ఆ రోజు థోర్ప్‌ని ఆపడానికి తంటాలు పడ్డవాళ్ళలో డ్వైట్ ఐజన్‌హోవర్ ఒకడు, తర్వాత ప్రెసిడెంట్ అయిన ఆయనే. తన జట్టువాడితో కలిసి ఒకేసారి మీదపడబోయి ఇద్దరూ ఒకరినొకరు గుద్దుకున్నారు. వారం తర్వాత టఫ్ట్స్‌తో ఆటలో ఐజన్‌హోవర్ మోకాలు దెబ్బతిని ఆయన ఫుట్‌బాల్ అక్కడితో ముగిసింది. చాలామంది ఆ మోకాలు దెబ్బని కార్లైల్ ఆటకి అంటగడతారు, అది తప్పు.

ఇక్కడ నా చేతులతో చూసిన సంగతి ఒకటి. కార్లైల్‌లో కంబర్‌లాండ్ కౌంటీ హిస్టారికల్ సొసైటీ ఉంది, ఈ స్కూలు కాగితాలు, ఫొటోలు చాలా ఉన్నాయి వాళ్ళ దగ్గర. మైక్రోఫిల్మ్ మెషిన్ ముందు కూర్చుని, పిడి తిప్పుతూ, మసక అక్షరాల మీద వేలు పెట్టుకుని, ఆ ఆటని స్టాట్ షీట్ మీద మళ్ళీ రాశాను, మా పిల్లల ఆట రాసినట్టే. రాసి చూస్తే, ఆ ఆటలో థోర్ప్ పేరు మీద ఒక్క టచ్‌డౌన్ కూడా లేదు. బర్జీది ఒకటి, మిగతా మూడూ అలెక్స్ ఆర్కాసావి. మరి థోర్ప్ ఏం చేశాడంటే, ఆర్మీ మొత్తం కళ్ళూ థోర్ప్ మీదే ఉన్నాయి, వాళ్ళు అటు గుమిగూడితే ఆర్కాసాకి ఇటు దారి దొరికింది. థోర్ప్ పరుగులతో ముందుకు తెచ్చిన బంతిని చివరి గజాలు ఆర్కాసా దాటించాడు. అందుకే నేను పైన కార్లైల్ పేరు చెప్తానన్నాను. ఒక్కడి టీమ్ అని జనం అనుకుంటారు, కాదు. బంతి నడిపించిన క్వార్టర్‌బ్యాక్ గస్ వెల్చ్ ఓజిబ్వే తెగవాడు, తర్వాత డికిన్సన్‌లో లా చదివాడు. జో గయన్ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు, థోర్ప్‌తో పాటు. కోచ్ పాప్ వార్నర్ ఎత్తుగడల్లో దిట్ట. వీళ్ళందరినీ వదిలేసి థోర్ప్ ఒక్కడి బొమ్మ చార్టు మీద అతికిస్తే ప్రాజెక్టు సగమే అయినట్టు.

అలాగని థోర్ప్‌ని తగ్గించి చెప్పడం లేదు. ఎక్కువగా కనిపించే లెక్క 25 టచ్‌డౌన్లు, 198 పాయింట్లు. పరుగుతో వచ్చిన గజాలు 1,869 అంటారు, అదీ రెండు ఆటల వివరాలు దొరక్కుండానే. నవంబర్ 23న స్ప్రింగ్‌ఫీల్డ్ మీద 30-24తో గెలిచినప్పుడు ఆ 30 పాయింట్లూ ఒక్కడివే, నాలుగు టచ్‌డౌన్లు, మూడు ఎక్స్‌ట్రా పాయింట్లు, ఒక ఫీల్డ్ గోల్. అయిదు రోజుల తర్వాత థాంక్స్‌గివింగ్ నాడు బ్రౌన్ మీద 32-0. సీజన్ అక్కడితో అయిపోయింది. లెక్కలు చోటుకో రకంగా ఉంటే వాటిలో ఒకటి ఎంచుకుని, అందులో ఏ ఆటలు కలిశాయో కింద రాయమనండి. టీచర్లకి అదే నచ్చుతుంది. ఇంకో జాగ్రత్త, ఒకే ఆటగాడి పేరు రెండు పత్రికల్లో రెండు రకాలుగా ఉంటుంది, ఇద్దరనుకుని లెక్క వేయొద్దు.

ఇక మీరు అడగనిది, నేను చెప్పకుండా ఉండలేనిది. ఇది కాలేజీ కాదండీ. 1879లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి పాత మిలిటరీ బారక్స్‌లో పెట్టిన బోర్డింగ్ స్కూల్. దేశం నలుమూలల నుంచీ తెగల పిల్లల్ని తెచ్చి, జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, యూనిఫాం వేసి, సొంత భాషలో మాట్లాడితే శిక్షించిన చోటు. వాళ్ళలోని ఇండియన్‌ని చంపి మనిషిని కాపాడాలన్నది ప్రాట్ సిద్ధాంతం, దాచుకోకుండా చెప్పాడు. వేసవుల్లో పిల్లల్ని చుట్టుపక్కల పొలాల్లో కొద్దిపాటి కూలికి పనికి పంపేవాళ్ళు. మేం ఇక్కడ ఆదివారం పొద్దున్నే పిల్లల్ని కారెక్కించుకుని తెలుగు క్లాసుకి తీసుకెళ్తాం, "అ అంటే అమ్మ" అనిపించడానికి ఎంత ఆరాటపడతామో మీకూ తెలుసు. అక్కణ్ణుంచి అరగంట దూరంలో, నూరేళ్ళ క్రితం, అమ్మ భాష మాట్లాడిన పిల్లవాడికి దండన. మొదటిసారి ఆ ఫొటోలు చూసిన రోజు నేను స్టాట్ షీట్ మూసేసి ఇంటికొచ్చేశాను.

టీమ్ సంపాదించిన డబ్బు సంగతి కూడా దీంతోనే ముడిపడి ఉంది. ఫుట్‌బాల్ ఆదాయం అథ్లెటిక్ ఫండ్‌లోకి పోయేది, అది వార్నర్ చేతిలో ఉండేది. 1914లో విద్యార్థులే సంతకాలు పెట్టి ఫిర్యాదు చేస్తే అమెరికా కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) కమిటీ వచ్చి విచారణ జరిపింది. ముందు నిలబడింది క్వార్టర్‌బ్యాక్ గస్ వెల్చే. మైదానంలో వార్నర్ ఎత్తుగడలు నడిపించినవాడే వార్నర్ మీద సాక్ష్యం చెప్పాడు. నాకు ఈ సీజన్‌లో అందరికంటే ఇష్టమైన మనిషి ఆయన. కొద్దికాలానికే వార్నర్ పిట్స్‌బర్గ్ వెళ్ళిపోయాడు, 1918లో స్కూలే మూతపడింది.

థోర్ప్ పతకాల కథ మీ వాడికి ఎలాగూ ఎదురవుతుంది కాబట్టి తొందరగా చెప్పేస్తాను. 1913 జనవరిలో మసాచుసెట్స్‌లోని ఊస్టర్ పత్రిక ఒకటి, థోర్ప్ 1909, 1910 వేసవుల్లో నార్త్ కరోలినాలో చిన్న జీతానికి బేస్‌బాల్ ఆడాడని బయటపెట్టింది. అప్పట్లో ఒలింపిక్స్ అమెచ్యూర్లకే, అంటే డబ్బు తీసుకోకుండా ఆడేవాళ్ళకే, అందుకని పతకాలు లాగేసుకున్నారు. అభ్యంతరాలు 30 రోజుల్లోపు చెప్పాలని ఒలింపిక్స్ నియమం, అప్పటికి ఆరు నెలలైంది, అయినా ఎవరూ ఆయన పక్షాన నిలబడలేదు. ఆయన 1953లో పోయారు. 1982లో ఉమ్మడి విజేతగా ఒప్పుకున్నారు, ఏకైక విజేతగా పేరు తిరిగి రాసింది 2022లో. ఇందులో స్కూలు పెద్దలకి ముందే ఏమీ తెలీదంటే నేను నమ్మను. కుర్రాళ్ళు వేసవుల్లో ఎక్కడున్నారో రాసిపెట్టుకున్న స్కూలది.

ఎక్కడ మొదలెట్టాలన్నారు కదా. డికిన్సన్ కాలేజీ వాళ్ళు ఈ స్కూలు రికార్డులు డిజిటల్‌గా ఆన్‌లైన్‌లో పెట్టారు, విద్యార్థి పేరుతో వెతికితే స్కూలు కార్డులు, ఉత్తరాలు వస్తాయి. ముందు టీమ్‌లో ఒక్క కుర్రాణ్ణి ఎంచుకోమనండి, థోర్ప్ కాకుండా. ఏ తెగ, ఎన్నేళ్ళకి వచ్చాడు, తర్వాత ఏమయ్యాడు చూడమనండి. ఆ తర్వాత 14 ఆటలకి ఒక పట్టిక గీసి, తేదీ, వారం, ఎవరి మైదానం, స్కోరు రాయమనండి. స్కోరు గడి చివర పెట్టించండి, ముందు తేదీలూ ఊళ్ళూ కంటపడాలి.

వీలైతే ఒక శనివారం ఇటు రండి, మీకు మూడు గంటల డ్రైవ్. స్కూలున్న చోటు ఇప్పటికీ ఆర్మీ స్థావరమే, 2024 డిసెంబర్‌లో దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు, లోపలికి వెళ్ళే నియమాలు ముందే చూసుకోండి. అక్కడ స్కూల్లో చనిపోయిన పిల్లల సమాధులున్నాయి, వరసగా తెల్లరాళ్ళు, కొన్నిటి మీద పేరు కూడా లేదు. 2017 నుంచి ఒక్కొక్కరి అవశేషాలని వాళ్ళ తెగలకి తిరిగి అప్పగిస్తున్నారు. హిస్టారికల్ సొసైటీ ఊరి మధ్యలోనే ఉంది. వచ్చే ముందు మెసేజ్ పెట్టండి, నేనూ వస్తాను, మైక్రోఫిల్మ్ రీలు ఎలా ఎక్కించాలో మీ వాడికి చూపిస్తాను. పెన్సిల్ తెచ్చుకోమనండి.